బాండు సొమ్ము విద్యుత్ బస్సులకా, బడి భవనాలకా?

పొద్దుతిరుగుడు:
అమెరికాలో మేముంటున్న స్కూల్ డిస్ట్రిక్ట్ (ఇక్కడి ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ) రాబోయే ఎన్నికలలో ఓటర్ల ముందు ఒక బాండు ప్రతిపాదన, అంటే వారి అనుమతితో అప్పు తెచ్చుకునే ప్రతిపాదన, పెడుతోంది. అందులో పర్యావరణం పేరిట కేటాయించిన భాగంతో డీజిల్ బస్సులు తీసేసి విద్యుత్ బస్సులు కొనాలని బోర్డులో కొందరు అంటుంటే, పాత భవనాలలోని హీటింగ్, ఏసీ, వెంటిలేషన్ వ్యవస్థలను ముందు మార్చాలని మిగిలినవారు పట్టుబడుతున్నారు. రెండూ చేసేంత సొమ్ము లేదు. ఏది ముందో కారణాలతో సహా చెప్పగలరని మనవి.

చిరుగాలి:
నిస్సందేహంగా బస్సులే. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. బడి విడిచే వేళ ఇంజన్లు ఆపకుండా వరుసగా నిలబడిన బస్సుల పక్కనుంచి నడిచి వెళ్ళేది ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతున్న పిల్లలు. పైగా బడి బస్సు ఉదయం ఒక విడత, సాయంత్రం ఒక విడత తిరిగి, మిగిలిన సమయమంతా షెడ్డులోనే ఉంటుంది కాబట్టి చార్జింగ్‌కు ఇంతకన్నా అనువైన వాహనం ఉండదు. 2021 నాటి మౌలిక వసతుల చట్టం విద్యుత్ బస్సులతో సహా కాలుష్యం తక్కువగా ఉండే బడి బస్సుల కోసం 2022 నుంచి అయిదేళ్ళకు 500 కోట్ల డాలర్లు కేటాయించింది కూడా.

పద్దుపుస్తకం:
చిరుగాలి గారు చెప్పిన ఆరోగ్య కారణంతో నాకు పేచీ లేదు. ఆ ఖర్చును బాండు మీద మోపడంతోనే పేచీ. బాండు అప్పును సాధారణంగా ఇరవై, ముప్పై ఏళ్ళపాటు ఆస్తి పన్నుతో తీరుస్తాము. బస్సు ఆయుష్షు పన్నెండు, పదిహేనేళ్ళకు మించదు. అంటే బస్సు తుక్కుకు వెళ్ళిన తరువాత కూడా దాని వడ్డీ కడుతూనే ఉంటాము. డీజిల్ బస్సు ధరకు దాదాపు మూడింతలు పలికే వాహనం విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

ఇంకొక విషయం మన చర్చల్లో తరచు మరుగున పడుతుంది. బాండు సొమ్ముతో జీతాలు ఇవ్వకూడదు, కానీ ఆ సొమ్ముతో చేసిన పనివల్ల కరెంటు బిల్లు తగ్గితే, మిగిలిన డబ్బు జీతాలిచ్చే సాధారణ నిధిలోనే ఉండిపోతుంది. ఆర్కన్సాలోని బేట్స్‌విల్ డిస్ట్రిక్ట్ ఏడాదికి ఆరు లక్షల డాలర్లకు పైగా బిల్లులు కడుతున్నట్టు 2017లో జరిపించిన ఎనర్జీ ఆడిట్‌లో తేలింది. వాళ్ళు ఖాళీగా పడివున్న స్థలంలో సౌర ఫలకాలు వేసి, దీపాలు, కిటికీలు, తాపన వ్యవస్థలు బాగుచేసుకుని, ఆదా అయిన సొమ్ములో పెద్ద భాగాన్ని ఉపాధ్యాయుల జీతాలు పెంచడానికి వాడారు. బస్సులవల్ల కూడా ఇంధనం ఖర్చు తగ్గుతుంది, నిజమే, కానీ చార్జర్లు, ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చు కలిపి చూస్తే ఆ ఆదా చేతికి రావడానికి చాలా కాలం పడుతుంది.

ఇక అవసరం మాటకొస్తే, కనీసం సగం బడులలో హీటింగ్, ఏసీ, వెంటిలేషన్ వ్యవస్థలను మార్చవలసిన లేదా ఆధునికీకరించవలసిన స్థితిలో 41 శాతం డిస్ట్రిక్టులు ఉన్నాయని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం (జీఏఓ) 2020లో అంచనా వేసింది. దాని లెక్కన అలాంటి బడులు సుమారు 36,000.

తాళంచెవులగుత్తి:
నేను బడి భవనాల నిర్వహణలో పనిచేస్తాను కనుక ఒక మాట చేరుస్తాను. పాత తరగతి గదులలో కిటికీ కింద బీరువాలాంటి యూనిట్ వెంటిలేటర్ ఉంటుంది. బయటి గాలిని లోపలికి తెచ్చే దాని డాంపర్ (తెరుచుకుని మూసుకునే రెక్క) తుప్పుపట్టి తెరుచుకునే ఉండిపోతే, చలికాలం రాత్రంతా మంచుగాలిని వేడి చేస్తూనే ఉంటాము. మూసుకుపోయి ఉంటే పిల్లలు విడిచిన గాలినే మళ్ళీ పీలుస్తారు. దాని మోతకు పాఠం వినపడక ఉపాధ్యాయులు యంత్రాన్ని ఆపేస్తారు, లేదంటే గాలి వచ్చే జాలీ మీద పుస్తకాల దొంతర పెడతారు. కొన్నిచోట్ల వేసవి సెలవులకు టైమరు మార్చేవారే ఉండరు, ఖాళీ భవనం చల్లబడుతూనే ఉంటుంది. ఇందులో కొంత భాగం సరిచేయడానికి బాండు అక్కరలేదు.

చిరుగాలి:
గదిలోని గాలి కూడా ఆరోగ్య సమస్యేనన్న మాట ఒప్పుకుంటాను. అయితే పద్దుపుస్తకం గారు చూపిన ఆర్కన్సా కథను అలాగే ఇక్కడికి దింపలేము. 2022 చట్టం పన్ను కట్టని బడులకు కూడా సౌర విద్యుత్తుపై రాయితీని నగదుగా ఇచ్చే మార్గం తెరిచింది కానీ, 2025లో వచ్చిన చట్టం దానికి గడువు పెట్టింది. 2026 జూలై 4 లోగా నిర్మాణం మొదలుపెట్టాలి, లేకపోతే 2027 ముగిసేలోగా వినియోగంలోకి తేవాలి. బాండు గెలిచి, టెండర్లు పిలిచి, పని మొదలయ్యేసరికి ఆ రాయితీ మిగులుతుందా?

పద్దుపుస్తకం:
సౌర ఫలకాలకు ఆ గడువు ఉన్నది. నేలలోని వేడిని వాడుకుని భవనాన్ని వెచ్చబరిచే భూగర్భ ఉష్ణ పంపులకు అది వర్తించదు, మనం మార్చవలసింది కూడా ముఖ్యంగా తాపన వ్యవస్థలనే. బస్సుల విషయంలో మేరీలాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీ అనుభవం చూడండి. 326 విద్యుత్ బస్సులకు 2021లో ఒప్పందం చేసుకున్నారు. అవి అనుకున్న సమయానికి అందకపోవడంతో మళ్ళీ డీజిల్ బస్సులు కొనవలసి వచ్చిందని కౌంటీ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2024లో నివేదించారు. ఆ తప్పు బస్సుది కాదు, ఒప్పందం అమలు చేసిన తీరుది అని మీరంటారు. కావచ్చు, కానీ మన డిస్ట్రిక్ట్ కార్యాలయం ఒప్పందాలను ఎంత చక్కగా నడుపుతుందో ఇక్కడ అందరికీ తెలిసిందే.

బస్సుల కోసం ఇచ్చే ఫెడరల్ గ్రాంటును భవనాలకు మళ్ళించే వీలు లేదు, కాబట్టి గ్రాంటు దొరికినన్ని బస్సులు గ్రాంటుతోనే కొనాలి. బాండు సొమ్ము భవనాలకు పోవాలి. నిలబెట్టిన బస్సు ఇంజన్ ఆపాలన్న నిబంధనకైతే పైసా ఖర్చు లేదు, రేపే అమలు చేయవచ్చు.

చిరుగాలి:
గ్రాంటు దొరక్కపోతే ఎన్నేళ్ళు ఆగాలి? మీ ప్రణాళికలో దానికి తేదీ లేదు. భవనాలకు ఓటు వేయమంటే వేస్తాను. కాకపోతే ఆరేళ్ళు దాటిన డీజిల్ బస్సు ఏదీ ఉబ్బసం పిల్లలు ఎక్కువగా ఉన్న మార్గాలలో తిరగకూడదని బోర్డు అదే తీర్మానంలో రాయాలి.

పొద్దుతిరుగుడు:
అందరికీ కృతజ్ఞతలు. వచ్చే బోర్డు సమావేశంలో రెండు విషయాలు అడుగుతాను. ఒకటి, చిరుగాలి గారు చెప్పిన షరతును తీర్మానంలో చేర్చడం. రెండవది, ప్రతి బడి కరెంటు, గ్యాసు బిల్లులను నెలవారీగా భవనాల ఇంధన వాడకాన్ని లెక్కగట్టే ఆన్‌లైన్ సాధనమైన ఎనర్జీ స్టార్ పోర్ట్‌ఫోలియో మేనేజర్‌లో నమోదుచేసి ఓటింగుకు ముందే బయటపెట్టడం. అది ఉచితంగా దొరికే సాధనం కనుక ఖర్చు సాకు చెప్పడానికి వీలుండదు. ఏ భవనం ఎంత తింటోందో తెలియకుండా బాండు మొత్తాన్ని ఎలా నిర్ణయించారన్నది కూడా అక్కడే అడగవలసి ఉంది.