పొగగొట్టాలు, వంతెనలు కనిపించే గోల్ఫ్ మైదానాలంటే ఇష్టపడేవారు ఇంకెవరైనా ఉన్నారా?

జెర్సీసిటీవాసి:
అందరికీ నమస్కారం. నేను గోల్ఫ్ మొదలుపెట్టి నాలుగేళ్లయింది. పద్దెనిమిది హోళ్లను వంద దెబ్బల లోపు ముగించిన రోజు ఇప్పటికీ మా ఇంట్లో పండగే. మిత్రులు సముద్రపు కొండచరియల మీద ఉన్న మైదానాల ఫోటోలు పంపి ఊరిస్తుంటారు కానీ, నా మనసు మాత్రం అమెరికాలోని న్యూజెర్సీలో మా కౌంటీవారు (మన జిల్లా వంటిది) 2015లో తెరిచిన స్కైవే అనే తొమ్మిది హోళ్ల మైదానం మీదే ఉంటుంది. ఒకప్పుడు చెత్త పోసిన నేలపై, హ్యాకెన్‌సాక్ నది పక్కన కట్టిన ఈ మైదానం నుంచి 1932 నాటి పులాస్కీ స్కైవే వంతెన ఉక్కు దూలాలు కనిపిస్తుంటే, సాయంత్రం పూట బంతి కొట్టడం మరిచిపోయి అలాగే చూస్తూ నిలబడిపోతాను. దగ్గర్లోనే స్వేచ్ఛా ప్రతిమ కనిపించే లిబర్టీ నేషనల్ ఉన్నా, దాని సభ్యత్వం నాబోటివాడికి అందేది కాదు.

నా సందేహాలు రెండు. ఇటువంటి మైదానాలు ఇంకెక్కడ ఉన్నాయి? గ్రీన్ (హోల్ ఉండే నున్నటి గడ్డి చోటు) వెనుక పెద్ద కట్టడం ఉన్నప్పుడల్లా నా బంతి గ్రీన్‌కు ముందే ఎందుకు పడిపోతోంది?

మట్టిపని:
రెండో సందేహానికి ముందుగా జవాబు చెబుతాను. మనకు దూరాన్ని అంచనా వేసి ఇచ్చేవి సాధారణంగా చుట్టూ ఉండే చెట్లు. అవి లేని చోట, వెనుక ఉన్న వంతెన అంత భారీగా కనిపిస్తుంటే, దానికి ఇవతల ఉన్న గ్రీన్ కూడా చేరువలోనే ఉన్నట్టు కన్ను పొరబడుతుంది. దూరం కొలిచే పరికరం చెప్పినదాన్నే నమ్మండి, కంటిని నమ్మవద్దు.

ఇక చెట్లు ఎందుకు ఉండవంటే, ఆ కారణం నేల కిందే ఉంది. చెత్త దిబ్బను మూసేటప్పుడు వాన నీరు లోపలికి దిగకుండా బంకమట్టితోనో ప్లాస్టిక్ పొరతోనో కప్పి, లోపల పుట్టే మీథేన్ వాయువు బయటికి పోయేందుకు గొట్టాలు అమర్చి, పైన మట్టి పోసి గడ్డి పెంచుతారు. లోతుగా వేళ్లూనే చెట్లు ఆ పొరను చీల్చే ప్రమాదం ఉంటుంది కాబట్టి వాటిని ఇష్టానుసారం నాటనివ్వరు. అందువల్లనే గాలికి అడ్డు ఉండదు, చూపుకూ అడ్డు ఉండదు. మీరు ఆనందిస్తున్న ఆ దృశ్యం ఒక విధంగా చెత్త పెట్టిన భిక్షే. న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో ప్రసిద్ధ గోల్ఫ్ ఆటగాడు జాక్ నిక్లాస్ రూపకల్పనతో 2015లోనే తెరిచిన ఫెర్రీ పాయింట్ కూడా ఇదే కోవలోది; అక్కడ వైట్‌స్టోన్ వంతెన మీకు తలపైనే ఉన్నట్టుంటుంది. నగరానికి చెందిన స్థలమే కనుక ఎవరైనా ఆడవచ్చు, కాకపోతే రుసుము మాత్రం ఎక్కువ.

పచ్చగడ్డి:
క్షమించండి, నాకు ఇది మింగుడుపడడం లేదు. వారమంతా లారీల రొద విన్నవాడు ఆదివారం కూడా డబ్బు కట్టి ఆ రొదే వినాలా?

టీస్‌సైడ్ డాక్టర్:
పచ్చగడ్డి గారూ, మీ మాట కాదనను. గాలి మళ్లిన రోజు వాసన కూడా వస్తుంది. అయితే నేను విశాఖ ఉక్కునగరంలో పెరిగినవాణ్ణి కావడం వల్ల కాబోలు, ఇంగ్లాండు ఈశాన్య తీరానికి ఉద్యోగానికి వచ్చినప్పుడు నాకు ముందుగా సొంత ఊరిలా అనిపించింది సీటన్ కారూ మైదానమే. 1874లో మొదలైన ఆ క్లబ్‌కు తరువాత అలిస్టర్ మెకంజీ వంటి గోల్ఫ్ మైదానాల మహా రూపశిల్పి చేయి తగిలింది. ఒక పక్క ఇసుక దిబ్బలు, సముద్రం. దక్షిణాన రసాయన కర్మాగారాలు, 1983 నుంచి విద్యుత్తు ఇస్తున్న హార్ట్‌లిపూల్ అణు కేంద్రపు భారీ పెట్టె వంటి కట్టడం. ఆ పెట్టెను గురిగా పెట్టుకుని కొట్టడం నాకు అలవాటైపోయింది. సభ్యులు కానివారు కూడా రుసుము చెల్లించి ఆడవచ్చు.

టీస్ నదికి అవతల రెడ్‌కార్‌లో ఉన్న క్లీవ్‌లాండ్ క్లబ్‌కు వెళ్తే కర్మాగారం పక్కనే ఆడుతున్నట్టుండేది. ఆ ఉక్కు కర్మాగారం 2015లో మూతపడింది, 2022 నవంబరులో బ్లాస్ట్ ఫర్నేస్‌ను (ఇనుము తీసే భారీ కొలిమిని) పేల్చి కూల్చేశారు. ఇప్పుడు అక్కడ ఆకాశం శుభ్రంగా ఉంది. దృశ్యం మెరుగుపడిందని కొందరు అంటారు. ఆ ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరైన మా పేషెంట్ల ముందు ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.

మోంటానా దారిలో:
మొదటి సందేహానికి నా జవాబు అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో అనకొండ అనే ఊరిలోని ఓల్డ్ వర్క్స్. పాత రాగి కర్మాగారాలు కాలుష్యంతో వదిలి వెళ్లిన నేలను శుభ్రపరిచే పనిలో భాగంగా, 1997లో తెరిచిన ప్రజా మైదానం ఇది. రూపశిల్పి ఇక్కడా నిక్లాసే. బంకర్లలో, అంటే ఆటకు అడ్డుగా తవ్వే ఇసుక గుంతల్లో, తెల్ల ఇసుకకు బదులు, రాగిని కరిగించగా మిగిలిన నల్లటి స్లాగ్ పోశారు. ఊరికి అవతల, 585 అడుగుల పొగగొట్టం ఒక్కటే మిగిలి నిలబడి ఉంటుంది. 1980లో కర్మాగారం ఆగిపోయాక దాని నుంచి పొగ రాలేదు. ఆ నల్లటి బంకర్‌లో తెల్లటి బంతి పడినప్పుడు కలిగే భయం కూడా ఒక రకంగా అందంగానే ఉంటుంది.

జెర్సీసిటీవాసి:
అందరికీ కృతజ్ఞతలు. మట్టిపని గారూ, నిన్న సాయంత్రం పరికరం చెప్పినట్టే, నా కన్ను కోరినదానికంటే బంతిని ఇంకొంచెం దూరం పంపే ఐరన్ (ఇనుప తల ఉన్న గోల్ఫ్ కర్ర) తీసుకుని కొట్టాను. బంతి గ్రీన్ దాటి వెనక్కి పోయింది. అదృష్టవశాత్తు వంతెన ఇంకా చాలా దూరంలోనే ఉంది.