ఎస్‌బీటీ: బిల్డ్ టైమ్ మారట్లేదు, టాస్క్‌గా మారిస్తే వెర్షన్ దగ్గర ఎర్రర్

ప్రశ్న:
ఎస్‌బీటీ (స్కాలా ప్రోగ్రాములు కంపైల్ చేసి కట్టే బిల్డ్ టూల్) 1.9, స్కాలా 2.13. బిల్డ్ టైమ్ యాప్‌లో కనపడాలని స్ట్రింగ్ టైపుతో ఒక సెట్టింగ్‌కీ పెట్టి ఇన్‌స్టంట్.నౌ (అప్పటి టైమ్) ఇచ్చాను. షెల్ 10:05కి తెరిచాను. సాయంత్రం కంపైల్ కొట్టినా 10:05 అనే వస్తోంది. సరేనని టాస్క్‌కీగా మార్చి వెర్షన్ చివర అతికిస్తే, సెట్టింగ్ టాస్క్ మీద ఆధారపడకూడదంటూ లోడ్ దగ్గరే ఆగిపోతోంది. ఎలా చేయాలి?

జవాబు 1:
రెండింటికీ కారణం ఒకటేనండీ. సెట్టింగ్ విలువ ప్రాజెక్ట్ లోడ్ అయ్యేటప్పుడు ఒక్కసారే తేలుతుంది, మళ్లీ రీలోడ్ కొట్టేదాకా అంతే. టాస్క్ మీరు కమాండ్ ఇచ్చిన ప్రతిసారీ నడుస్తుంది. లోడ్ అయ్యే వేళకి ఏ టాస్కూ నడిచి ఉండదు కదా, సెట్టింగ్ దాని విలువ ఎక్కణ్నుంచి తెస్తుంది? టాస్క్ మాత్రం ఎన్ని సెట్టింగులైనా చదువుకోవచ్చు. వెర్షన్ సెట్టింగే, దాని జోలికి పోకండి.

ఫైళ్ల సీక్వెన్స్ టైపుతో కొత్త టాస్క్‌కీ పెట్టండి. అందులో వెర్షన్.వాల్యూ, కంపైల్ స్కోప్‌లోని సోర్స్‌మేనేజ్డ్.వాల్యూ (తయారైన కోడ్ ఉండే ఫోల్డర్) తీసుకుని, ఐఓ.రైట్‌తో అక్కడ వెర్షన్, టైమ్ ఉన్న స్కాలా ఫైలు రాసి, దాన్నే సీక్వెన్స్‌లో పెట్టి తిరిగివ్వండి. ఆ టాస్క్‌ని కంపైల్ స్కోప్ సోర్స్‌జనరేటర్స్‌కి (కంపైల్‌కి ముందు కోడ్ ఫైళ్లు తయారుచేసే టాస్కుల జాబితా) ప్లస్-ఈక్వల్స్‌తో కలపండి. అక్కడ రాయాల్సింది .వాల్యూ కాదు, .టాస్క్‌వాల్యూ. దానికి కావాల్సింది ఫైళ్లు కాదు, టాస్కే. ఫైలు మాత్రం మెయిన్ సోర్స్ ఫోల్డర్‌లో పడేయకండి, గిట్‌లోకి ఎక్కుతుంది, క్లీన్ కొట్టినా పోదు.

జవాబు 2:
పైదానికి చిన్న తోక. టైమ్ వేస్తే ప్రతి కంపైల్‌కీ ఫైలు హ్యాష్ మారుతుంది, జింక్ (మారిన ఫైళ్లనే కంపైల్ చేసే ఎస్‌బీటీ భాగం) దాన్ని మళ్లీ కంపైల్ చేస్తుంది. మామూలు వాల్ అయితే ఆ ఒక్క ఫైలుతో సరి. ఫైనల్ వాల్ అని రాసి టైపు చెప్పకపోతే ఆ స్ట్రింగే టైపు అయి కూర్చుంటుంది, దాన్ని వాడిన ఫైళ్లన్నీ వెంట కదులుతాయి. నన్నడిగితే టైమ్ బదులు గిట్ కమిట్ హ్యాష్ వేయండి, కమిట్ పడితేనే మారుతుంది.

ప్రశ్న వేసినవారు:
పనిచేసింది, థాంక్సండీ. ఇంకో చిక్కు. రిలీజ్ ఫ్లాగ్ ట్రూ అయితేనే డాకర్ ఇమేజ్ (యాప్‌ని నడపడానికి కట్టే ప్యాకేజీ) కట్టాలని ఇఫ్ పెట్టాను. ఫాల్స్ ఉన్నా కట్టేస్తోంది. పైగా ఇఫ్ కంటే ముందు రాసిన లాగ్ లైను ఇమేజ్ అయ్యాక వస్తోంది.

జవాబు 3:
చూడ్డానికి మెథడ్ కాల్‌లా ఉన్నా .వాల్యూ ఒక మాక్రో, అంటే కంపైల్ వేళ కోడ్‌ని తిరగరాసేది. ఇఫ్ లోపల దాచినా ఆ టాస్క్‌ని ఇఫ్ బయటికి, పైకి లాగేస్తుంది. అలా లాగిన టాస్కులన్నీ పూర్తయ్యాకే మీ మొదటి లైను మొదలవుతుంది. ఎస్‌బీటీ 1.4 నుంచి టాస్క్ బాడీ మొత్తం ఒకే ఇఫ్-ఎల్స్ అయితే షరతు పాటిస్తుంది. ముందు ఒక్క లాగ్ లైను ఉన్నా పాత కథే, మీకు జరిగింది అదే. లాగ్ కూడా కావాలంటే డెఫ్.టాస్క్‌డైన్ వాడండి: ఫ్లాగ్ చూసి, లాగ్ రాసి, ఒక కొమ్మలో ఇమేజ్ పనిని డెఫ్.టాస్క్‌లో చుట్టి ఇవ్వండి, రెండో కొమ్మలో ఖాళీ డెఫ్.టాస్క్.

రెండు .వాల్యూలు కింద కింద రాసినంత మాత్రాన వరుసగా నడవవు, వీలైతే పక్కపక్కనే నడుస్తాయి. వరుస తప్పకూడదంటే డెఫ్.సీక్వెన్షియల్. ఏ కీ ఏమిటో అనుమానం వస్తే షెల్‌లో ఇన్‌స్పెక్ట్ కొట్టి కీ పేరు ఇవ్వండి. సెట్టింగా టాస్కా అన్నది మొదటి లైన్లోనే ఉంటుంది.