వేలికి క్లిప్పు పెట్టి హిమోగ్లోబిన్ చూసే పరికరం: పీహెచ్‌సీలో పరీక్షించాలంటే ఎలా?

కావలి కుర్రోడు:

అందరికీ నమస్కారం. మాది కావలి. నాలుగేళ్ళుగా బెంగుళూరులో ఒక చిన్న కంపెనీలో పని చేస్తున్నా. సూది గుచ్చకుండా, వేలికి క్లిప్పు తగిలిస్తే హిమోగ్లోబిన్ ఎంతుందో చూపించే పరికరం మాది. "మీ జిల్లాలోనే మూడొందల మంది గర్భిణులకు పెట్టి చూసి రా" అని నన్ను పంపారు. మావైపు ఒక పీహెచ్‌సీ డాక్టరు గారిని కలిస్తే సరేనన్నారు. రెండు రోజులు బాగానే జరిగింది. మూడో రోజు ఒకామె అత్తగారు గొడవ పెట్టుకుంది. "నాకెందుకయ్యా ఈ టెన్షన్, ఇక రావద్దు" అన్నారు డాక్టరు గారు. చేతిలో నలభై ఒక్క మంది రీడింగులున్నాయి. ఎక్కడ తప్పు చేశానో తెలిసినవాళ్ళు చెప్పండి.

ఎస్‌పీఎం పీజీ, ఒంగోలు:

తమ్ముడూ, నోటిమాట అనుమతి కాదు. డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసు కాగితం లేకుండా చేయనిస్తే, రేపు ఏదైనా అయినప్పుడు ఇరుక్కునేది ఆ డాక్టరు ఒక్కరే. ఆయన ఆపడంలో తప్పేం లేదు.

మీ పరికరం ఏ క్లాసులోకి వస్తుందో ముందు తేల్చుకోండి. 2017 మెడికల్ డివైసెస్ రూల్స్‌లో ప్రమాదం ఎంతన్నదాన్ని బట్టి ఏ నుంచి డీ దాకా నాలుగు క్లాసులున్నాయి. అమ్మకానికి లైసెన్సు ఇంకా రాకపోతే, పరీక్షల కోసం తయారు చేసుకోవడానికే ఎండీ-13 అని వేరే లైసెన్సు ఉంటుంది. క్లినికల్ ఇన్వెస్టిగేషన్ (మనుషుల మీద పరికరాన్ని పరీక్షించడం) కిందికి వస్తే ఎండీ-22 ఫారంలో దరఖాస్తు పెట్టాలి, ఎండీ-23లో అనుమతి ఇస్తారు. ఎలక్ట్రికల్ సేఫ్టీ పరీక్షకు విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో ల్యాబులున్నాయి. ఇవన్నీ చూసే మనిషి మీ కంపెనీలో లేకపోతే, ముందు ఆ మనిషిని పెట్టుకోమనండి.

తర్వాత నెల్లూరులోనో ఒంగోలులోనో మెడికల్ కాలేజీలో ఒక ప్రొఫెసరు గారిని పట్టుకుని ఎథిక్స్ కమిటీకి (మనుషుల మీద చేసే పరీక్షలు సబబేనా అని చూసే కమిటీ) వెళ్ళండి. గర్భిణులు కాబట్టి ప్రశ్నలు ఎక్కువే వేస్తారు. సీటీఆర్‌ఐలో (ఇలాంటి పరీక్షలను నమోదు చేసే దేశవ్యాప్త రిజిస్ట్రీ) నమోదు మొదటి మనిషిని చేర్చుకోకముందే అయిపోవాలి. ఆ నలభై ఒక్క రీడింగులూ అనుమతికి ముందువి, ఫలితాల్లో కలపకండి.

సాహ్లి గొట్టం:

అబ్బాయా, కాగితాల సంగతి ఒంగోలు డాక్టరమ్మ చెప్పారు. నేను టేబులు సంగతి చెబుతా. ముప్పై ఒక్క ఏళ్ళు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యా, ఎక్కువ కాలం పొదిలి, కొండపి వైపే.

ఆ అత్తగారు ఎందుకు అరిచిందో చెప్పనా? "గుచ్చకుండా చూస్తాం రండమ్మా" అని పిలిచి, పోల్చుకోవడానికి మళ్ళీ గుచ్చి ఉంటావు. పరీక్ష దశలో గుచ్చక తప్పదు. ఆ మాట ముందే చెప్పాలి, ఒకసారి నెత్తురు తీస్తామని, వద్దంటే మానుకోవచ్చని.

అసలు దేనితో పోల్చావు? రంగు చూసి హిమోగ్లోబిన్ చెప్పే పాత సాహ్లి పద్ధతితో అయితే దండగ. గొట్టంలో ఆసిడ్ పోసి, ఇరవై మైక్రోలీటర్ల నెత్తురు కలిపి, పక్కనున్న గాజు రంగు వచ్చేదాకా డిస్టిల్డ్ వాటర్ చుక్క చుక్కగా వేస్తాం. కిటికీ దగ్గర ఒక అంకె, ట్యూబ్‌లైటు కింద ఇంకో అంకె. అన్నేళ్ళు చేసి కూడా నా రీడింగును నేనే అర గ్రాము అటూ ఇటూ నమ్మేవాణ్ణి కాదు. చేతి నరం నుంచి రెండు ఎంఎల్ తీసి ఊదారంగు మూత ట్యూబులో (నెత్తురు గడ్డకట్టనివ్వదు) పోసి ఆటో అనలైజర్‌లో, అంటే రక్తం లెక్కలు తీసే యంత్రంలో, వేయించు. క్లిప్పు, ట్యూబు రెండూ ఒకే పూట. క్లిప్పు పెట్టేవాడికి అనలైజర్ అంకె తెలియకూడదు.

ఇప్పుడు అసలు విషయం. ఏడెనిమిదేళ్ళ కిందట ఒక కంపెనీ వాళ్ళు ఇలాంటిదే తెచ్చారు, పేరొద్దులే. పొగాకు గ్రేడింగు రోజులు. మావైపు ఆరో నెల దాకా పనికి పోయే ఆడవాళ్ళున్నారు. ఆకు ఏరి ఏరి వేళ్ళు బంక పట్టి నల్లగా ఉంటాయి, సబ్బుకు పోదు. క్లిప్పు పెడితే తెర మీద గీతలు తిరుగుతాయి గానీ అంకె రాదు. ఆ పిల్లోడు వేలు మార్చాడు, స్పిరిట్‌తో తుడిచాడు, చివరికి పేరు కొట్టేసి "నెక్స్ట్" అన్నాడు. సాయంత్రానికి పందొమ్మిది పేర్లు కొట్టేసి ఉన్నాయి. మిగిలినవాళ్ళతో పట్టిక వేస్తే యంత్రం అద్భుతం! ఆ పట్టికలో కూలి పనికి పోయే ఆడమనిషి దాదాపు లేదు.

ఆషాఢంలో పోతే గోరింటాకు అడ్డం, చీమకుర్తి పోతే రాయి పని చేసి కాయలు కాసిన వేళ్ళు. పల్స్ ఆక్సీమీటరుకూ ఇదే తిప్పలు, అదీ వేల్లోకి వెలుతురు పంపి చూసేదే. నల్లటి చర్మం ఉన్నవాళ్ళకు ఆక్సిజన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోందని 2020లో అమెరికా డాక్టర్లు రాశారు. రీడింగు రాని ప్రతి మనిషినీ రాసుకో. వయసు, చేసే పని, ఏ వేలు, అన్నీ.

సగటు తేడా సున్నా వచ్చిందని సంబరపడొద్దు. ఒకామెకు రెండు ఎక్కువ, ఇంకొకామెకు రెండు తక్కువ చూపించినా సగటు సున్నాయే. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనత, 7 కంటే తక్కువైతే ఆస్పత్రికి పంపాలి. ఆరున్నర ఉన్నామెకు నీ క్లిప్పు ఎనిమిదిన్నర చూపిస్తే ఆమె ఐరన్ మాత్రలు తీసుకుని ఇంటికి పోతుంది. అలాంటివి ఎన్నో విడిగా లెక్కపెట్టు.

గుండ్లకమ్మ అక్క:

నేను ఏఎన్ఎంని. నాదొక్కటే ప్రశ్న తమ్ముడూ, ఆ పరికరం పోతేనో పగిలితేనో నా జీతంలో కోస్తారా? ఎవరు ఇచ్చారో, ఎవరు బాధ్యులో రాసిన కాగితం లేకుండా నేనైతే ముట్టుకోను. ఇప్పటికే ఉన్న రిజిస్టర్లు, యాప్‌లు చాలు, మీ యాప్‌లో కూడా నన్నే కొట్టమంటే కుదరదు. ప్రతి నెలా 9వ తేదీ గర్భిణుల పరీక్షల రోజు, అంతా ఒకేచోట దొరుకుతారని ఎగబడి రాకండి. ఆ రోజు మాకు మంచినీళ్ళు తాగడానికి కూడా తీరిక ఉండదు. మామూలు రోజు వచ్చి, ఒక పూట ఊరికే కూర్చుని చూడండి.

కావలి కుర్రోడు:

బాబాయ్, పక్కనుండి చూసినట్టే చెప్పారు. "గుచ్చనక్కర్లేదు" అని మా కరపత్రం మీద పెద్దక్షరాల్లో ఉంది. మేడమ్ చెప్పిన లైసెన్సుల గురించి కంపెనీకి మెయిల్ పెట్టాను. అక్కా, ఆ కాగితం మా వాళ్ళ చేత రాయిస్తాను.

ఒకటి దాచాను. నలభై ఒక్క మంది కాదు, నలభై ఎనిమిది మంది. ఏడుగురికి రీడింగు రాకపోతే నేనూ కొట్టేశాను. రాత్రి నోట్‌బుక్ తీసి చూస్తే వాళ్ళ పేర్ల పక్కన ఏమీ రాసుకోలేదు.

సాహ్లి గొట్టం:

వాళ్ళు ఏం పని చేస్తారో కనుక్కున్నావా?

కావలి కుర్రోడు:

ఇవాళ ఆశా అక్కను అడిగాను బాబాయ్. నలుగురు రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోతారంట. షిఫ్టు దిగి, ఐసు నీళ్ళలో నానిన చేతులతో నేరుగా వచ్చారు.

సాహ్లి గొట్టం:

అనుమతి వచ్చాక అలాంటివాళ్ళను వెతుక్కుంటూ పో. రాగానే ఒకసారి పెట్టు, చేతులు వేడెక్కేదాకా కూర్చోబెట్టి టీ తాగించి ఇంకోసారి పెట్టు. రెండూ రాయి. టీ ఖర్చు కూడా రాయి, రేపు ఏఎన్ఎమ్మకు ఆ పావుగంట ఎక్కణ్నుంచి వస్తుందో మీవాళ్ళు చెప్పాలి కదా.