ఆశించుచున్నదా, ఎదురుచూచుచున్నదా? నెల్సన్ వాక్యం చివరి మాట ఎవరికైనా గుర్తుందా

గోదారిగట్టు:
మేం పరీక్షలకు వెళ్లే రోజున నాన్నగారు గుమ్మంలో నిలబెట్టి ఒక వాక్యం చెప్పి పంపేవారు. "ప్రతివాడును తన విధ్యుక్తధర్మమును నెరవేర్చునని ఇంగ్లండు దేశము..." దాని తర్వాత క్రియ గుర్తు రావడం లేదు. ఆశించుచున్నది? విశ్వసించుచున్నది? ఎదురుచూచుచున్నది? వారం రోజులుగా పళ్ల సందున ఇరుక్కున్న పీచులా వేధిస్తోంది. ట్రఫాల్గర్ నౌకాయుద్ధానికి ముందు ఇంగ్లండు అడ్మిరల్ నెల్సన్ తన ఓడలకు జెండాలతో పంపిన సందేశమని తెలుసు. నాకు ఇంగ్లీషు మూలం అక్కర్లేదు, ఆ పాత తెలుగు వాక్యం కావాలి. నాన్నగారి నోటుబుక్కులో మొదటి సగమే ఉంది. అది కూడా "విద్యుక్త" అని, ఒత్తు లేకుండా.

తోకచుక్క:
విద్యుక్త ధర్మం అంటే కరెంటాఫీసు వాళ్ల డ్యూటీ అండీ.

పాతపలక:
నవ్వులాట తర్వాత. విధి + ఉక్త = విధ్యుక్త, యణాదేశం. ఒత్తు పోతే మాటే పోయింది. ఈ రోజుల్లో పత్రికల్లో కూడా "విద్యుక్త" కనబడుతోంది, కళ్లు మూసుకుని చదువుతున్నాను. అయితే గోదారిగట్టు గారూ, మీ నాన్నగారి వాక్యంలో "విధ్యుక్తధర్మము" ఉండదనే నా అనుమానం. "తన విధిని" అని ఉండి ఉంటుంది. అంత పొట్టి ఇంగ్లీషు వాక్యానికి ఇంత పొడుగు సమాసం వేసే అనువాదకుడు ఆ రోజుల్లో లేడు.

అరసున్న:
మాస్టారూ, ఆ రోజుల్లోనే కదండీ ఉన్నారు! పొట్టి మాటకు పొడుగు సమాసం వేయకపోతే పండితుడనిపించుకునేవాడే కాదు. పైగా "తన విధిని నెరవేర్చును" అంటే తన తలరాతను నెరవేర్చుకుంటాడనే అర్థమూ వస్తుంది. విధి అంటే బ్రహ్మ, విధి అంటే రాత, విధి అంటే శాసనం. యుద్ధానికి పోయేవాడితో "నీ విధి నెరవేర్చు" అంటే వాడికి ఏది వినిపిస్తుంది? ఆ గొడవ తప్పించడానికే "ఉక్తధర్మం" తగిలించారు.
అన్నట్టు, "నెఱవేర్చు"లో బండి ఱ ఉండాలి. ఎవరూ పట్టించుకోలేదు కనక నేనే అంటున్నాను.

విశాఖసిగ్నల్:
నేను నౌకాదళంలో సిగ్నల్ విభాగంలో చేసి రిటైరయ్యాను, భాషాపండితుణ్ణి కాదు. కానీ ఈ విధి దగ్గర ఒక తమాషా ఉంది. నెల్సన్ వాడిన కోడ్ హోమ్ పోపమ్ అనే అధికారి తయారు చేసిన పుస్తకంలోది. మాటకో అంకె, అంకెకు జెండాలు. ఇంగ్లండుకు 253, "ఎక్స్‌పెక్ట్స్"కు 269, ఆ తర్వాత 863, 261, 471, 958, 220, 370. అక్కడితో ఎనిమిది మాటలు అయిపోయాయి. తొమ్మిదోది "డ్యూటీ". అది కోడ్ పుస్తకంలో లేదు! అక్షరం అక్షరం విడదీసి ఎగరేయాల్సి వచ్చింది: 4, 21, 19, 24. మొత్తం పన్నెండు సార్లు జెండాలు ఎక్కించి దించారు. అంటే మీరు ఏ మాట మీద కొట్టుకుంటున్నారో, ఆ మాట ఆ రోజు ఓడ మీద కూడా దొరకలేదు.

తోకచుక్క:
అన్నా, ఇంగ్లీషులో యు 21వ అక్షరమే, సరే. టి 19 ఏమిటి? 20 కదా?

విశాఖసిగ్నల్:
ఐ, జె రెండూ ఒకే అక్షరంగా లెక్క, అందుకని టి 19కి జరిగింది. మరి యు 20 కావాలి కదా అంటారు. వాళ్లు వి ముందు పెట్టి యు తర్వాత పెట్టారు. అందుకని వి 20, యు 21.

అరసున్న:
అదిగో! వకారమూ ఉకారమూ ఒకటేనని వాళ్లూ ఒప్పుకున్నట్టే. ఇక "ఉంది" రాయాలా "వుంది" రాయాలా అని ఈ గుంపులో ఎవరూ నన్ను తిట్టకండి.

పాతపలక:
ఒప్పుకోలేదమ్మా, వరస మార్చారంతే. "వుంది" తప్పే. తెలుగు మాట వు, వూలతో మొదలుకాదు. దీని మీద ఇప్పటికి మూడుసార్లు చెప్పాను.

గోదారిగట్టు:
అయ్యా, క్రియ...

విశాఖసిగ్నల్:
మీ క్రియ దగ్గరికే వస్తున్నాను. నెల్సన్ మొదట చెప్పిన మాట "ఎక్స్‌పెక్ట్స్" కాదు, "కన్‌ఫైడ్స్". అంటే నమ్మకంతో ఉంది అని. జెండాల అధికారి జాన్ పాస్కో "అది పుస్తకంలో లేదు, ఎనిమిది అక్షరాలూ విడివిడిగా ఎగరేయాలి, ఎక్స్‌పెక్ట్స్ అయితే ఒక్క అంకెతో పోతుంది" అని అడిగాడు. దగ్గరపడి పోరాడమనే సిగ్నల్ కూడా వెంటనే ఎక్కించాలి, టైము లేదు, అందుకని నెల్సన్ సరేనన్నాడు. ఇది 1805 అక్టోబరు 21న, మధ్యాహ్నం కావడానికి కాస్త ముందు. కనక "విశ్వసించుచున్నది" అన్న అనువాదకుడు ఉంటే అతను నెల్సన్ మనసుకు అనువాదం చేసినట్టు. "ఆశించుచున్నది" అన్నవాడు జెండాలకు చేసినట్టు.

పాతపలక:
మంచి మాట చెప్పారు. కానీ "ఆశించు" సరిపోదు. ఆశలో సందేహం ఉంటుంది. ఆశించే వాడి చెయ్యి కిందా, ఇచ్చే వాడి చెయ్యి పైనా. రాజ్యం సైనికుడి దగ్గర ఆశిస్తుందా? "ఎదురుచూచు" మరీ హాస్యాస్పదం, ఇంగ్లండు గుమ్మంలో నిలబడి ఉన్నట్టు.

అరసున్న:
ఇంతకీ ఇక్కడ గట్టి తగువు చివరి క్రియ మీద కాదు మాస్టారూ, "నెరవేర్చునని" మీద. "నెరవేర్చవలెనని" అని ఉంటే అది విధ్యర్థకం, ఆజ్ఞ. "నెరవేర్చును" అంటే తద్ధర్మం. నిప్పు కాల్చును, నీరు పారును అన్నట్టు, మనిషన్నవాడు తన పని చేస్తాడు, అది వాడి స్వభావం. సిగ్నల్ గారి అంకెల్లో 958 అంటే "విల్" కదా? తప్పనిసరి చెయ్యాలి అనే మాట కాదు కదా? అంటే మూలం తద్ధర్మమే. గోదారిగట్టు గారి నాన్నగారి "నెరవేర్చునని"లో ఉన్న ఆ ఒక్క "ను"లో నెల్సన్ మొదట అనుకున్న నమ్మకమంతా ఉంది. "వలె" పెట్టారో, అది హెడ్‌మాస్టర్ సర్క్యులర్ అయిపోతుంది.

పాతపలక:
ఈ "ను" సంగతి నాకు తట్టలేదు. బాగుంది. అయినా "విధ్యుక్త" మీద నా అభిప్రాయం మారలేదు.

విశాఖసిగ్నల్:
అమ్మా, 958 "విల్"యే. ఇంకోటి వినండి. నెల్సన్ వరసకు పక్కగా రెండో వరస నౌకలు నడిపిన కాలింగ్‌వుడ్ ఈ జెండాలు చూసి "నెల్సన్ ఈ సిగ్నళ్లు ఆపితే బాగుండు, మా పనేమిటో మాకు తెలుసు" అని విసుక్కున్నాడంటారు.

పెన్నఒడ్డు:
ఆలస్యంగా వచ్చాను. మీరంతా ఓడ, నౌక అంటున్నారు. నాకు బాధగా ఉంది. మనకు "కప్పలి" ఉంది కదా! శ్రీనాథుడి హరవిలాసంలో మా నెల్లూరి అవచి తిప్పయ్య సెట్టి సరుకులు దింపించింది కప్పళ్లలోనూ జోంగుల్లోనూ. అడ్మిరల్‌ను నౌకాధిపతి, నావికాధిపతి అని సంస్కృతంలో కట్టే బదులు "కప్పలిదొర" అని ఉంటే ఎంత కమ్మగా ఉండేది.

పాతపలక:
కప్పలి అరవం నుంచి వచ్చింది బాబూ.

పెన్నఒడ్డు:
అడ్మిరల్ మాత్రం ఎక్కడిదండీ? అరబ్బుల "అమీర్" నుంచి వచ్చిందే. ఎవరి దగ్గరో ఒకరి దగ్గర అప్పు తెచ్చుకున్నదే. శ్రీనాథుడు తెచ్చుకోగా లేనిది మనకేం.
అసలు నెల్సన్ గురించి చదువుతుంటే నాకు శ్రీనాథుడే గుర్తొస్తాడు. ప్రౌఢదేవరాయల కొలువులో డిండిముడి కంచుఢక్క పగలగొట్టించి కనకాభిషేకం చేయించుకున్నాడా లేదా? ఈయనకు నైలు యుద్ధం (1798) గెలిచాక తురుష్క సుల్తాను మూడో సెలీమ్ వజ్రాల కలికితురాయి పంపాడు. దానికి పదమూడు వజ్రపు రేకలు, మధ్యలో పువ్వు కీ ఇస్తే తిరిగేది. దాన్ని టోపీకి పెట్టుకుని తిరిగేవాడు, లండన్‌లో కొందరు నవ్వుకున్నారు. శ్రీనాథుడైతే సీసం చెప్పి మరీ పెట్టుకునేవాడు.

తోకచుక్క:
కలికితురాయికి కీ ఇవ్వడమా! మా మేనమామ పెళ్లిలో కట్టుకున్న వాచీకి కూడా కీ పనిచేయలేదు.

అరసున్న:
కనకాభిషేకానికి, దానికి పోలిక సరిపోదు. నెల్సన్ స్వదేశంలో దక్కిన బిరుదు మీద గుర్రుగా ఉండేవాడు. నైలు తర్వాత బ్యారన్ ఇచ్చారు, అంటే దొరల మెట్లలో అట్టడుగుది. అంతకుముందు ఏడాది సెయింట్ విన్సెంట్ యుద్ధానికి పైఅధికారి జెర్విస్‌కు ఏకంగా ఎర్ల్ పదవి. అదే యుద్ధంలో వరస తప్పించి శత్రువు మీదికి ఓడ మళ్లించిన నెల్సన్‌కు బాత్ వీరపతకం. "నువ్వు ప్రధాన సేనాని కాదు, అందుకని ఇంతే" అని నైలు తర్వాత సమాధానం. వైకౌంట్ అయింది 1801లో కోపెన్‌హాగెన్ తర్వాతే.

విశాఖసిగ్నల్:
పదవిని, బిరుదును కలపకండి. బ్యారన్, వైకౌంట్ బిరుదులు. హోదా వేరు. ఆ రోజుల్లో నౌకాదళానికి మూడు రంగులు: ఎరుపు, తెలుపు, నీలం. ఎరుపు పెద్దది. 1797లో నీలం రియర్ అడ్మిరల్, 1801లో నీలం వైస్ అడ్మిరల్, 1804లో తెలుపు వైస్ అడ్మిరల్. అంతే. పూర్తి అడ్మిరల్ కాకుండానే పోయాడు. సీనియారిటీ లెక్క, ఎంత పోరాడినా పైవాడు జరిగితేనే. ఈ రంగుల పద్ధతి 1864లో ఎత్తేశారు.

తోకచుక్క:
సీనియారిటీ లిస్టు అంటే నాకు మా ఆఫీసే గుర్తొచ్చింది, టెన్షన్ వచ్చేసింది.

పెన్నఒడ్డు:
నేపుల్స్ రాజు ఇచ్చిన బిరుదు మరిచిపోయారు. 1799లో సిసిలీలో బ్రాంటె డ్యూక్. అప్పట్నుంచి సంతకం "నెల్సన్, బ్రాంటె" అని, అదీ ఎడమ చేత్తో. కుడి చెయ్యి 1797లో టెనెరిఫే దగ్గర పోయింది కదా. బ్రాంటె అంటే గ్రీకులో పిడుగు. "పిడుగు దొర"! ఎంత బాగుందో.

పాతపలక:
పిడుగు కాదు, ఉరుము. పడేది పిడుగు, వినబడేది ఉరుము.

పెన్నఒడ్డు:
ఉరుము దొర బాగుండదు మాస్టారూ. ఉరిమినవాడు కురవడంటారు.

పాతపలక:
బాగుండకపోతే అర్థం మారిపోతుందా?

అరసున్న:
బ్రాంటీస్ అని గ్రీకు కథల్లో ఒంటికన్ను రాక్షసుడు ఉన్నాడు, ఎట్నా కొండ కింద కొలిమి పని. ఆ ఊరు ఎట్నా పాదం దగ్గరే. నెల్సన్‌కూ 1794లో కాల్వీ ముట్టడిలో కుడికంటి చూపు పోయింది. మన శ్లేష కవులకు దొరికి ఉంటే రెండు ప్రబంధాలు లేచేవి. కన్ను పోలేదు గానీ, చూపే పోయింది. నల్ల పట్టీ మాత్రం సినిమావాళ్లు కట్టారు, ఆయన ఎప్పుడూ కట్టలేదు.

తోకచుక్క:
మన విధి దగ్గరికి ఇంకొకటి. నెల్సన్ చనిపోతూ తన ఓడ కెప్టెన్ హార్డీతో "కిస్ మీ" అన్నాడు కదా, అది నిజానికి "కిస్మత్" అట. అంటే విధి! గోదారిగట్టు గారి అనువాదకుడు అందుకే విధి వాడాడు. చూశారా, ముడి విప్పేశాను.

పాతపలక:
విప్పలేదు, ఇంకో ముడి వేశారు. పక్కనే ఉన్న డాక్టర్ బీటీ రాసిపెట్టాడు: హార్డీ వంగి చెంప మీద ముద్దు పెట్టాడు, తర్వాత నుదుటి మీద. కిస్మత్ అన్నవాడికి ముద్దెందుకు పెడతారు? బీటీ రాసిన ఇంకో మాట చూడండి. "దేవుడి దయ, నా డ్యూటీ చేశాను" అని మళ్లీ మళ్లీ అన్నాడట. పొద్దున కోడ్ పుస్తకంలో లేని మాటే సాయంత్రం నోట్లో ఉంది. ఇక్కడైతే నేను "విధి" అని రాయను. "ధర్మం" అంటాను.

అరసున్న:
అంటే విధ్యుక్తధర్మంలో సగం ఒప్పుకున్నారు!

పాతపలక:
సగమే.

విశాఖసిగ్నల్:
మనవాళ్లకు ఇంకో చిన్న సంబంధం ఉంది. నెల్సన్ పదిహేనేళ్ల కుర్రాడుగా సీహార్స్ నౌక మీద 1774లో మద్రాసు వచ్చాడు. తర్వాత జ్వరం పట్టుకుని తిరిగి పంపించేశారు. నైలు గెలిచాక ఈస్టిండియా కంపెనీ 10,000 పౌండ్లు ఇచ్చింది, నెపోలియన్ ఇటు రాకుండా ఆపాడని.

పెన్నఒడ్డు:
మద్రాసు రేవులో ఆ కుర్రాడు విన్న మాట కచ్చితంగా కప్పలే అయ్యుంటుంది, నౌక కాదు.

పాతపలక:
అరవ కప్పల్ అయ్యుంటుంది. ఇకారం మనది.

గోదారిగట్టు:
పెద్దలందరికీ నమస్కారం. మా అక్కకు ఫోన్ చేశాను. తనకు గుర్తున్నది "కోరుచున్నది". ఇప్పుడు నాలుగయ్యాయి.

అరసున్న:
"కోరుచున్నది"లో అరసున్న లేదు. ముందే చెబుతున్నాను.

పెన్నఒడ్డు:
కోరుచున్నది అంటే మరీ తిప్పయ్య సెట్టి సరుకు ఆర్డరు పెట్టినట్టుంది.