బత్తాయి తోటలో సోలార్ సెన్సార్: తప్పు బ్యాటరీదా, పెట్టెదా?

తోటమాలి:
నల్గొండ దగ్గర నాన్న బత్తాయి తోటలో మట్టి తేమ కొలిచే సెన్సార్ పెట్టాను. ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ చిప్ ఉన్న బోర్డు, 6 వోల్టుల సోలార్ ప్యానెల్, టీపీ4056 ఛార్జర్, ఒక 18650 సైజు లిథియం అయాన్ సెల్. చలికాలమంతా బాగా నడిచింది. మే ఎండల తర్వాత సెల్‌లో ఛార్జ్ నిలవడం లేదు, తెల్లారేసరికి బోర్డు ఆగిపోతోంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ (ఎల్‌ఎఫ్‌పీ) సెల్‌కు మారాలా?

వోల్ట్‌మీటర్:
మారిపోండి. 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ చేయవద్దని మామూలు లిథియం అయాన్ సెల్ డేటాషీట్లలోనే ఉంటుంది. మే నెలలో బయట గాలే అంత వేడి, మూసిన పెట్టె లోపల ఇంకా ఎక్కువ. ఆ వేడిలో 4.2 వోల్టుల నిండు ఛార్జ్‌తో రోజంతా ఉంటే సెల్ తొందరగా ముసలిదైపోతుంది. ఎల్‌ఎఫ్‌పీ వేడిని మెరుగ్గా తట్టుకుంటుంది, ఎక్కువ ఏళ్లు వస్తుంది. కానీ టీపీ4056ను దానికి తగిలించకండి, అది 4.2 దాకా ఎక్కిస్తుంది. 3.6 దగ్గర ఆగే ఛార్జర్ కావాలి.

పొలంగట్టు:
నేను ఒప్పుకోను. ఎల్‌ఎఫ్‌పీని కూడా అదే పెట్టెలో ఎండకు పెడితే అదీ దెబ్బతింటుంది. ముందు పెట్టెను ప్యానెల్ కిందికి, నీడలోకి మార్చండి. రెండోది, అసలుది: నిద్రలో, అంటే రీడింగుల మధ్య ఖాళీలో, బోర్డు ఎంత కరెంటు తాగుతోందో కొలిచారా? ఆ నిద్రలో (డీప్ స్లీప్) చిప్ వాడేది మైక్రో ఆంపియర్లలోనే. బోర్డు మీది ఎర్ర ఎల్‌ఈడీ, వోల్టేజీని 3.3కు తగ్గించే రెగ్యులేటర్ కలిసి కొన్ని మిల్లీ ఆంపియర్లు లాగేస్తాయి. 10 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే 2000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్) సెల్ 200 గంటలు, అంటే ఎనిమిది రోజులు. వానాకాలం ముసురు పడితే ఏ సెల్ పెట్టినా చాలదు.

వోల్ట్‌మీటర్:
రెగ్యులేటర్ మాట మీరే తెచ్చారు కాబట్టి చెబుతున్నా. ఎల్‌ఎఫ్‌పీ దాదాపు 3.2 వోల్టులే కాబట్టి నేరుగా బోర్డు 3.3 వోల్టుల పిన్‌కు ఇవ్వొచ్చు, రెగ్యులేటర్ ఖర్చే ఉండదు.

పొలంగట్టు:
ఛార్జ్ చివర్లో అది 3.6 దాకా వెళ్తుంది. ఈఎస్‌పీ32 గరిష్ఠ హద్దు కూడా సరిగ్గా అంతే. ఛార్జర్ కాస్త తప్పినా చిప్ పోతుంది. 3.5 దగ్గరే ఆపగలిగితే నాకు అభ్యంతరం లేదు.

తోటమాలి:
మల్టీమీటర్ పెట్టి చూశాను. నిద్రలో 9 మిల్లీ ఆంపియర్లు! ఎల్‌ఈడీ తీసేశాను, పెట్టెను చెట్టు నీడలో పెట్టాను. వేరే రెగ్యులేటర్ వేశాక మళ్లీ కొలుస్తా. అప్పటిదాకా పాత సెల్‌తోనే నడపనా?

వోల్ట్‌మీటర్:
వద్దు. ఎండకు దెబ్బతిన్న లిథియం సెల్‌ను ఎవరూ లేని చోట ఛార్జింగ్‌కు వదలకండి. ఎండుటాకుల మధ్య అంటుకుంటే తోట పోతుంది. ఈ మాటలో పొలంగట్టు గారూ నాతోనే ఉంటారు.

పొలంగట్టు:
ఉంటాను. ఈరోజే తీసేయండి.