పొద్దున మొదటి అడుగుకే మడమలో పోటు: ఎముక పెరగడమే కారణమా?

ప్రశ్న (లెక్కల టీచరు, మల్కాజిగిరి)

అందరికీ నమస్కారం. నాకు 47 ఏళ్లు. బడిలో రోజుకు ఆరు పీరియడ్లు నిలబడే పాఠం చెబుతాను. నాలుగు నెలలుగా పొద్దున లేచి కుడికాలు నేల మీద మోపగానే మడమ అడుగున మేకు దిగినట్టు పోటు వస్తోంది. గోడ పట్టుకుని వంటింటి దాకా వెళ్లేసరికి కొంత సర్దుకుంటుంది గానీ, సాయంత్రం కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ అదే బాధ. మా ఇంట్లో అన్నీ తాండూరు బండలే, చెప్పులు గుమ్మం బయటే విడుస్తాం. ఎక్స్‌రేలో మడమ ఎముక ముల్లులా పెరిగిందని చెప్పి ఇంజెక్షన్ వేయించుకోమన్నారు. అది లేకుండా తగ్గే దారి ఉందా?

జవాబు (ఫిజియోథెరపిస్టు, దిల్‌సుఖ్‌నగర్)

మేడమ్, మీరు రాసిన లక్షణాలు ప్లాంటార్ ఫాసియైటిస్‌లో కనిపించేవే. మడమ ఎముక నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద వింటినారిలా ఒక దళసరి పట్టీ ఉంటుంది. నిద్రలో పాదం కిందికి వాలి ఉండటం వల్ల ముడుచుకున్న ఆ పట్టీ, మొదటి అడుగుతో ఒక్కసారిగా సాగి, మడమకు అతుక్కున్న చోట పోటు పెడుతుంది. గంటల తరబడి నిలబడటం, గట్టి నేల, పిక్క బిగుసుకుపోవడం, బరువు పెరగడం దాన్ని అరగదీస్తాయి. ఎముక ముల్లు గురించి భయపడకండి. నొప్పి లేనివాళ్ల ఎక్స్‌రేల్లోనూ అది కనిపిస్తుంది, నొప్పి తగ్గాక కూడా అలాగే ఉంటుంది.

మంచం దిగకముందే కుడి పాదాన్ని ఎడమ మోకాలి మీద వేసుకుని, వేళ్లను చేత్తో పట్టుకుని వెనక్కి వంచండి. రెండో చేత్తో అరికాలిని తడిమితే పట్టీ తాడులా తగలాలి. అలా తగిలితేనే సరిగ్గా సాగినట్టు. పది లెక్కపెట్టి వదిలి, పదిసార్లు, రోజుకు మూడు పూటలు చేయండి. గోడకు చేతులానించి, కుడికాలు వెనక్కి పెట్టి, మడమ లేవకుండా ముందుకు వంగితే పిక్క కూడా సాగుతుంది. ఇంట్లో మెత్తని చెప్పులు తప్పనిసరి. ఇంజెక్షన్ కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది గానీ, దానివల్ల ఒక్కోసారి పట్టీ తెగే ప్రమాదం, మడమ కింది కొవ్వు మెత్త పలచబడే ప్రమాదం ఉన్నాయి కనుక, ముందు కొన్ని నెలలు వ్యాయామం చేసి చూడమనే నా సలహా. ఎక్కువమందికి ఏడాదిలోపు ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది.

జవాబు (కిరాణా వ్యాపారి, బేగంబజార్)

అమ్మా, నేను ఎనిమిది నెలలు పడ్డాను. రెండో నెలలో నొప్పి సగం తగ్గగానే వ్యాయామం మానేశాను, మూడు వారాల్లో మళ్లీ మొదటికొచ్చింది. మీరు ఆ పొరపాటు చేయకండి. నా పాత చెప్పులు తిరగేసి చూస్తే మడమ దగ్గర ఒక పక్కకు అరిగి రేకులా అయిపోయాయి. వాటిని మార్చి, కౌంటరు వెనక నేను నిలబడే చోట మందపాటి రబ్బరు చాప వేయించాను. రాత్రిపూట ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసాను అరికాలి కింద పది నిమిషాలు దొర్లించేవాణ్ణి.

జవాబు (నర్సు, ఉప్పల్)

షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవారు మాత్రం ఆ మంచు సీసా వాడకూడదు, చర్మం దెబ్బతిన్నా తెలియదు. తిమ్మిరి, కదలకుండా పడుకున్నా తగ్గని నొప్పి, ఎర్రటి వాపు, జ్వరం ఉన్నా, రెండు మడమలతో పాటు పొద్దున నడుము చాలాసేపు పట్టేస్తున్నా, అది వేరే జబ్బు కావచ్చు. ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నాకు షుగర్ లేదు. ఈ పొద్దున చేస్తే పట్టీ నిజంగానే తాడులా చేతికి తగిలింది. వచ్చే నెల అలిపిరి నుంచి తిరుమల మెట్లెక్కుతామని మొక్కుకున్నాం, ఎక్కవచ్చా?

జవాబు (ఫిజియోథెరపిస్టు, దిల్‌సుఖ్‌నగర్)

ఇప్పుడు వద్దు మేడమ్. 3,550 మెట్లు వట్టి కాళ్లతో ఎక్కితే పట్టీ మళ్లీ దెబ్బతింటుంది. పొద్దున మొదటి అడుగు వరుసగా కొన్ని వారాలు నొప్పి లేకుండా పడ్డాక మొక్కు తీర్చుకోండి; ఈసారికి బస్సులోనే కొండెక్కండి.