మొదటి పేపర్ జర్నల్‌కి పంపాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరికీ నమస్కారం. పొలిటికల్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేయడానికి ఈ మధ్యే ఇక్కడికి వచ్చాను. సంకీర్ణ ప్రభుత్వాల్లో మంత్రి పదవుల పంపకం మీద సెమినార్ కోసం రాసిన పేపర్‌ని జర్నల్‌కి పంపమని మా ప్రొఫెసర్ అన్నారు. ఏ జర్నల్‌కో, ఎలా పంపాలో చెప్పలేదు. మళ్లీ మళ్లీ వెళ్లి అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటం. ఒకేసారి రెండు మూడు చోట్లకు పంపవచ్చా? రెండు వారాల్లో ప్రచురిస్తాం, ఫీజు కట్టండి అని ఒక జర్నల్ నుంచి మెయిల్ కూడా వచ్చింది. తెలిసిన అన్నయ్యలూ అక్కయ్యలూ దయచేసి దారి చూపించండి.

—

తమ్ముడూ, ముందు ఆ మెయిల్ సంగతి. దానికి జవాబు కూడా ఇవ్వకు. రివ్యూయర్లు ఇద్దరో ముగ్గురో పేపర్ చదివి అభిప్రాయం రాయడానికి మామూలుగా నెలలు పడుతుంది. రెండు వారాల్లో వేసేస్తామంటే అక్కడ ఎవరూ చదవరన్నమాట. ఒకసారి అందులో అచ్చయితే ఆ పేపర్‌ని మంచి జర్నల్‌కి పంపే దారి మూసుకుపోతుంది. ఫీజు తీసుకునే ప్రతి ఓపెన్ యాక్సెస్ జర్నలూ (అంటే ఎవరైనా ఉచితంగా చదవగలిగేది) మోసం కాదు, పేరున్న ప్రచురణ సంస్థలూ తీసుకుంటాయి. చాలా యూనివర్సిటీలకు వాటితో ఒప్పందాలుంటాయి, లైబ్రరీలో అడుగు, చెబుతారు. ఏ జర్నల్ మీదైనా అనుమానం వస్తే ఎడిటోరియల్ బోర్డు తెరిచి చూడు. నువ్వు చదివినవాళ్లు, నీ బిబ్లియోగ్రఫీలో ఉన్నవాళ్లు ఒక్కరూ కనిపించకపోతే వదిలెయ్.

ఒకేసారి రెండు చోట్లకు పంపడం అస్సలు కుదరదు. ఈ పేపర్ ఇంకెక్కడా పరిశీలనలో లేదని సబ్మిట్ చేసేటప్పుడే నీచేత ఒప్పిస్తారు. పైగా సంకీర్ణాల మీద పనిచేసేవాళ్లు ప్రపంచం మొత్తం మీద తక్కువమందే. రెండు జర్నళ్లూ ఒకరికే నీ పేపర్ పంపడం చాలా సులువుగా జరుగుతుంది. మనకోసం జీతం లేకుండా చదివే మనిషి సమయం అది, దాన్ని గౌరవించాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. కొత్తవాళ్లు సైటేషన్ స్టైలు, ఫాంటు, మార్జిన్ల గురించి ఆందోళనపడతారు. అవి ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోయే పనులు. పేపర్ నిలబడేదీ పడిపోయేదీ మొదటి రెండు మూడు పేజీల్లో. సెమినార్ పేపర్‌ని ప్రొఫెసర్ చివరిదాకా చదువుతారు, అది ఆయన బాధ్యత. ఎడిటర్ అబ్‌స్ట్రాక్టూ (మొదట్లో ఇచ్చే సారాంశం) ఇంట్రడక్షనూ చదివి, పట్టికలు ఒకసారి తిరగేసి, రివ్యూకి పంపాలా వద్దా అని అక్కడే తేల్చేస్తారు. రివ్యూకి కూడా వెళ్లకుండా వెనక్కి వస్తే దాన్నే డెస్క్ రిజెక్ట్ అంటారు.

నీ అంశంతోనే చూపిస్తాను. మనలో చాలామంది మొదటి పేపర్ ఇలా మొదలుపెడతాం: «సంకీర్ణ ప్రభుత్వాల మీద ఎంతో పరిశోధన జరిగింది. అయితే ఫలానా దేశంలో మంత్రి పదవుల పంపకంపై తగినంత అధ్యయనం జరగలేదు. ఆ లోటును ఈ వ్యాసం పూరిస్తుంది.» దీనికి రివ్యూయర్ అడిగే ప్రశ్న ఒకటే: జరగకపోతే ఏమైంది?

ఇప్పుడు ఇలా చూడు: «ప్రభుత్వంలో చేరే పార్టీకి తాను తెచ్చిన సీట్ల నిష్పత్తిలోనే ప్రతిఫలం దక్కుతుందని గామ్సన్ 1961లో ప్రతిపాదించాడు. మంత్రి పదవుల పంపకంలో అది చాలావరకు నిజమేనని బ్రౌన్, ఫ్రాంక్లిన్ 1973లో లెక్కలతో చూపారు. కానీ బేరాన్ని ముందుండి నడిపే పార్టీకి తన సీట్ల బలాన్ని మించిన వాటా రావాలని బేరన్, ఫెరెజాన్ 1989లో కట్టిన నమూనా చెబుతుంది.» ఇక్కడికి వచ్చేసరికి చదివేవాడికి ఒక చిక్కుముడి కనిపించింది. సిద్ధాంతం ఒకటి చెబుతోంది, లెక్కలు ఇంకొకటి చెబుతున్నాయి. ఆ ముడి ఎక్కడ, ఎందుకు విడుతుందో నీ దేశం, నీ డేటా చూపించగలిగితే, ఆ దేశం మీద ఏ ఆసక్తీ లేనివాడు కూడా పేజీ తిప్పుతాడు.

ఎన్నికల ముందే కుదిరిన పొత్తుల్లో సంగతి వేరుగా ఉంటుంది కదా అని నీకు తట్టవచ్చు. 2007లో క్యారల్, కాక్స్ అమెరికన్ జర్నల్ ఆఫ్ పొలిటికల్ సైన్స్‌లో ఆ దారిలోనే వెళ్లారు. అలాంటి పొత్తులతో ఏర్పడిన ప్రభుత్వాల్లో సీట్లకూ పదవులకూ పొంతన ఇంకా బాగా కుదురుతుందని చూపారు. వాళ్లు చెప్పినదానికి నువ్వేం కలుపుతున్నావో, లేదా ఎక్కడ విభేదిస్తున్నావో ఒక్క వాక్యంలో రాసుకో. ఆ వాక్యం రాకపోతే పేపర్ ఇంకా సిద్ధం కాలేదు. వస్తే అదే నీ అబ్‌స్ట్రాక్ట్‌కి వెన్నెముక.

ఆ వాక్యం దొరికాక జర్నల్ ఎంచుకోవడం తేలిక. నీ బిబ్లియోగ్రఫీలో ఏ జర్నల్ పేరు ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టు, నీ పాఠకులు అక్కడే ఉన్నారు. అమెరికన్ పొలిటికల్ సైన్స్ రివ్యూ 1906 నుంచీ వస్తోంది. అక్కడ నెగ్గాలంటే పార్టీల మీద పనిచేయనివాళ్లకు కూడా నీ ఫలితం పనికిరావాలి. నీ వాదన సంకీర్ణాల పరిధిలోనే ఉంటే లెజిస్లేటివ్ స్టడీస్ క్వార్టర్లీ, పార్టీ పాలిటిక్స్, యూరోపియన్ జర్నల్ ఆఫ్ పొలిటికల్ రీసెర్చ్ లాంటివి చూడు. అవి తక్కువవని కాదు. నీ విషయం బాగా తెలిసిన రివ్యూయర్లు అక్కడ దొరుకుతారు, మొదటి పేపర్‌కి అది చాలా మేలు.

నిడివి విషయంలో కచ్చితంగా ఉంటారు. అమెరికన్ పొలిటికల్ సైన్స్ రివ్యూలో మామూలు వ్యాసానికి పరిమితి 12,000 పదాలు, లెటర్ అనే చిన్న వ్యాసానికి 4,000. అమెరికన్ జర్నల్ ఆఫ్ పొలిటికల్ సైన్స్‌లో 10,000. వీటిలో ఫుట్‌నోట్లు కూడా కలుస్తాయి. పంపే రోజున జర్నల్ సైట్‌లోని సూచనలు మళ్లీ చదువు, మారుతుంటాయి. సెమినార్ పేపర్‌లో ముందు కోయాల్సింది లిటరేచర్ రివ్యూనే. నువ్వు అన్నీ చదివావని అక్కడ ఎవరికీ రుజువు చేయక్కర్లేదు.

తర్వాత పేరు తీసేయడం. చాలా జర్నళ్లలో రాసినవాళ్లెవరో రివ్యూయర్‌కి తెలియకూడదు. టైటిల్ పేజీ విడిగా పెట్టి కృతజ్ఞతలు తీసేస్తే సరిపోయిందనుకుంటారు, సరిపోదు. ఫైల్ ప్రాపర్టీస్‌లో ఆథర్ అన్నచోట నీ పేరుంటుంది. «నా మునుపటి వ్యాసంలో చూపినట్టు» అనే వాక్యం ఎక్కడో ఫుట్‌నోట్‌లో ఉండిపోతుంది. దాన్ని వేరేవాళ్ల వ్యాసాన్ని ఉదహరించినట్టు మార్చు. అపెండిక్స్‌లో నీ గిట్‌హబ్ (కోడ్ దాచుకునే సైట్) లింకు ఉంటుంది. రెప్లికేషన్ కోడ్ (నీ ఫలితాలను వేరేవాళ్లు తిరిగి రాబట్టడానికి ఇచ్చే ప్రోగ్రామ్) మొదటి లైన్లో ఫోల్డర్ దారి ఉంటుంది చూశావా, అందులో నీ ఇంటిపేరుతో సహా లాగిన్ పేరు కనిపిస్తుంది. పీడీఎఫ్ చేశాక నీ పేరు, యూనివర్సిటీ పేరు రెండూ సెర్చ్ చేసి చూడు.

కోడ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఫలితాలను వేరేవాళ్లు తిరిగి రాబట్టగలిగేలా డేటా, కోడ్ ఇవ్వాలని మంచి జర్నళ్లు అడుగుతున్నాయి. అమెరికన్ జర్నల్ ఆఫ్ పొలిటికల్ సైన్స్‌లో 2015 నుంచీ, పేపర్‌కి ఒప్పుకున్నాక రచయితల కోడ్‌ని నడిపి పట్టికల్లోని అంకెలు వస్తున్నాయో లేదో చూసే పద్ధతి మొదలైంది. ఆ సర్దుడు చివర్లో పెట్టుకుంటే నరకం. ఇప్పుడే ఒక ఫోల్డర్, ఒక రీడ్‌మీ ఫైల్, ఏ స్క్రిప్ట్ ఏ పట్టికను ఇస్తుందో రాసిన కాగితం పెట్టుకో. పార్ల్‌గవ్, హూగవ్ లాంటి డేటాసెట్లు వాడితే ఏ వెర్షన్, ఏ తేదీన దించుకున్నావో రాసిపెట్టు. అవి మారుతూ ఉంటాయి, నీ అంకెలు మారకూడదు.

చివరగా మీ ప్రొఫెసర్. మొహమాటం ఇక్కడ నీకే నష్టం. ఆయన పంపమన్నారంటే సాయం చేయడానికి ఒప్పుకున్నట్టే. కాకపోతే «ఏం చేయమంటారు సార్» అని అడగకు. «ఈ రెండు జర్నళ్లలో ఏది మేలు? ఇంట్రడక్షన్‌లో మూడో పేరాలో నా వాదన స్పష్టంగా ఉందా?» అని అడుగు. అలా అడిగితే ఇక్కడ నిన్ను సీరియస్‌గా తీసుకుంటారు.

—

పై మేడమ్ గారు చెప్పినదంతా బాగుంది. అంకెలతో కాకుండా ఇంటర్వ్యూలతో పనిచేసేవాళ్ల కోసం ఒక మాట కలుపుతాను, మీలో చాలామందికి అవసరం పడుతుంది.

డేటా బయటపెట్టాలనే నియమం మనకు అంత సూటిగా వర్తించదు. పార్టీ నాయకుడో, అధికారో పేరు చెప్పవద్దన్న షరతు మీద మాట్లాడి ఉంటే ఆ ట్రాన్‌స్క్రిప్టు ఎవరికీ ఇవ్వకూడదు. పేరు తీసేసినా జిల్లా, పదవి, సంవత్సరం కలిస్తే మనిషి ఎవరో తెలిసిపోతుంది. 2014లో పలువురు ఎడిటర్లు డేటా పారదర్శకత ప్రకటన మీద సంతకాలు చేసినప్పుడు ఈ విషయం మీదే మన రంగంలో పెద్ద చర్చ నడిచింది. ఇప్పుడు చాలా జర్నళ్లు మినహాయింపు ఇస్తాయి, కానీ అది సబ్మిట్ చేసేటప్పుడే ఎడిటర్‌కి రాసి అడగాలి, అంగీకారం వచ్చాక కాదు. ఎంతమందిని, ఎలా ఎంచుకుని, ఎప్పుడు కలిశారో అపెండిక్స్‌లో ఒక పట్టికగా ఇవ్వండి. ఎథిక్స్ అనుమతి వివరం కూడా సిద్ధంగా ఉంచుకోండి. సిరక్యూస్ యూనివర్సిటీలో క్వాలిటేటివ్ డేటా రిపాజిటరీ ఉంది, పరిమిత అనుమతితో దాచే ఏర్పాట్లు అక్కడున్నాయి.

ఒక్క విషయంలో మేడమ్ గారితో నాకు భేదం ఉంది. మొదటి పేపర్‌ని పెద్ద జర్నల్‌కి పంపడానికి వెనకాడవద్దంటాను. డెస్క్ రిజెక్ట్ సాధారణంగా త్వరగానే వస్తుంది, పోయేదేమీ లేదు. రివ్యూకి వెళ్తే మాత్రం మీ రంగంలోని పెద్దల చేత చదివించుకున్నట్టే.

—

అక్కా, సర్, ఇద్దరికీ చాలా థాంక్స్. ఇంకో మూడు సందేహాలు. ఇంగ్లీషు సరిదిద్దుకోవడానికి ఏఐ వాడవచ్చా? రివైజ్ చేయమంటే ఏం చేయాలి? జవాబే రాకపోతే ఎన్నాళ్లు ఆగాలి?

—

తమ్ముడూ, సర్ చెప్పింది ఒప్పుకుంటాను, వ్యవధి ఉంటే పెద్ద జర్నల్‌కే పంపు. ఉద్యోగాల వేట దగ్గరపడితే మాత్రం ఆలోచించుకో.

ఏఐ సంగతి జర్నల్ నియమం చూసుకో. ఎక్కువచోట్ల భాష దిద్దుకోనిస్తారు, వాడితే ఎక్కడ ఎలా వాడావో చెప్పమంటారు. రచయితగా దాని పేరు మాత్రం పెట్టనివ్వరు. రిఫరెన్సులు దానిచేత రాయించుకోకు. లేని వ్యాసాలను ఉన్నట్టు రాస్తుంది, ఒక్కటి బయటపడినా నీ మీద నమ్మకం పోతుంది.

రివైజ్ అండ్ రీసబ్మిట్ వస్తే అది మంచి వార్త. ఉత్తరం చదవగానే తిట్టినట్టే అనిపిస్తుంది, రెండు రోజులు పక్కన పెట్టి మళ్లీ చదువు. ముందు ఎడిటర్ రాసిన భాగం చూడు, ఏ మార్పులు తప్పనిసరో సాధారణంగా అక్కడే ఉంటుంది. తర్వాత జవాబు పత్రం రాయాలి. రివ్యూయర్ మాటను ఉన్నదున్నట్టు పెట్టి, దాని కింద నువ్వేం మార్చావో, ఏ పేజీలోనో, మారిన వాక్యాన్నే ఎత్తి చూపించు. ఒప్పుకోని చోట ఒప్పుకోనని మర్యాదగా కారణంతో చెప్పు. ఇద్దరు రివ్యూయర్లు ఎదురుబొదురుగా అడిగితే ఎటు వెళ్లావో, ఎందుకో ఎడిటర్‌కి విడిగా రాయి. రిజెక్ట్ అయితే అదే ఫైల్‌ని మర్నాడే ఇంకోచోటికి పంపకు. అదే రివ్యూయర్ చేతికి మళ్లీ వెళ్తే, తను చెప్పిన ఒక్క మాటా పట్టించుకోలేదని చూడగానే తెలిసిపోతుంది.

జవాబు కోసం మూడు నాలుగు నెలలు ఆగు. ముందు ఆన్‌లైన్ సిస్టమ్‌లో స్టేటస్ చూసుకో. అప్పటికీ కదలకపోతే ఎడిటోరియల్ ఆఫీసుకి మూడు లైన్ల మెయిల్ చాలు, పంపిన తేదీ చెప్పి ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కో. మాన్యుస్క్రిప్ట్ నంబరు సబ్జెక్ట్ లైన్లోనే పెట్టు, లేకపోతే వాళ్లు వెతుక్కోవాల్సి వస్తుంది.